సర్ రొనాల్డ్ రాస్ : లష్కరునందు చలిజ్వరపు మర్మమును కనుగొనిన వైద్యుడు

ప్రతి సంవత్సరము తొలకరి వానలు కురిసి గుంటలు నిండిన పిమ్మట పాఠశాలల హాజరుపట్టీలలో జ్వరమను మాట తఱచుగా కనబడుచుండును. జ్వరపడిన బాలుని తల్లిదండ్రులు వైద్యునియొద్దకు తోడ్కొనిపోవుదురు. ఆయన బాలుని వ్రేలికొనను సూదితో గుచ్చి, ఒక రక్తపు బొట్టును గాజుపలకపై పూసి పరీక్షకు పంపును. బాలుడు ఏడ్చును. ఇంత చిన్నవానిని ఏల గుచ్చవలెనని తల్లి మనస్సు నొచ్చుకొనును. ఆ రక్తపు బొట్టులో వెదకబడు శత్రువు మన శరీరములోనికి ఏ వాహనముపై వచ్చుచున్నాడో లోకమునకు మొదట తెలిసినది మన జంటనగరములలోనే. 1897వ సంవత్సరము ఆగస్టు నెలలో, మన ఏ.ఎస్. రావు నగరునుండి కొలది మైళ్ల దూరములోనున్న బేగంపేటయందు, ఒక సైనిక వైద్యుడు ఆ సంగతిని కనుగొనెను. మన పేట ఒక విజ్ఞానశాస్త్రవేత్త పేరు ధరించియున్నది గదా. మన పొరుగున జరిగిన ఇంత గొప్ప విజ్ఞాన కార్యమును మన బాలబాలికలు ఎఱుగకుండుట తగదని తలంచి, ఆ వైద్యుని చరిత్రమును, దానితోపాటు ఆ జ్వరమును గూర్చి గృహస్థులు తెలిసికొనదగిన విషయములను ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట ఆ వ్యాధినిగూర్చి పూర్వులు ఏమనుకొనిరో చూతము. మలేరియా యను మాట ఇటలీదేశపు భాషలోనిది. చెడుగాలి యని దాని యర్థము. చిత్తడినేలలనుండియు, కుళ్లిన ఆకులనుండియు లేచు విషవాయువును పీల్చుటచేత ఈ జ్వరము కలుగునని వందల యేండ్లు జనులు నమ్మిరి. మన తెలుగువారు దీనిని చలిజ్వరమనియు, అడవికొండల ప్రాంతములలో హెచ్చుగా నుండుటచేత మన్యపు జ్వరమనియు పిలిచిరి. మైదానపు ఉద్యోగులకు మన్యమునకు బదిలీ యనిన గుండె దడదడలాడెడిది. ఈ జ్వరము పలుమాఱులు వచ్చినవారికి ఎడమ ప్రక్కటెముకల క్రింద ప్లీహము ఉబ్బి గట్టిపడును. దానినే మన పల్లెలవారు కడుపులో బల్ల యందురు. దీనికి మందు మాత్రము తెలియకపోలేదు. దక్షిణ అమెరికాలో పెరుగు సింకోనా చెట్టు బెరడు ఈ జ్వరమును అణచునని 17వ శతాబ్దమునందే ఐరోపావారు తెలిసికొనిరి. 1820వ సంవత్సరమున ఫ్రాన్సుదేశపు పెల్లెటియే, కావెంటూ యను ఇద్దఱు రసాయనవేత్తలు ఆ బెరడునుండి క్వినైనును వేఱుచేసిరి. మందు దొరికినది గాని వ్యాధి ఎట్లు సంక్రమించునో తెలియలేదు. అది తెలియనంతకాలము జ్వరము వచ్చినవానికి మందిచ్చుటయే గాని, రానివానికి రాకుండ చేయుటకు దారి లేదు.

రొనాల్డ్ రాస్ 1857వ సంవత్సరము మే నెల 13వ తేదీన హిమాలయ పర్వతప్రాంతమునందలి అల్మోరా పట్టణములో జన్మించెను. ఆయన తండ్రి భారతదేశపు సైన్యములో అధికారి, తరువాత సేనాధిపతి పదవి నందెను. పదిమంది సంతానములో రొనాల్డు జ్యేష్ఠుడు. ఎనిమిదేండ్ల ప్రాయమున ఆ బాలుని విద్యకొఱకు ఇంగ్లాండునకు పంపిరి. అచ్చట వైట్ ద్వీపమున బంధువులయింట పెరిగెను. బాల్యమునుండియు ఆయనకు కవిత్వమునందును, సంగీతమునందును, చిత్రలేఖనమునందును, గణితమునందును ప్రీతి మెండు. చిత్రకారుడు కావలెననియో, గ్రంథకర్త కావలెననియో కలలు కనుచుండెను. వైద్యమునందు మాత్రము ఆసక్తి లేకుండెను. తండ్రికి తన కుమారుడు ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరవలెనని కోరిక. తండ్రిమాట కాదనలేక ఆయన లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరెను.

మనస్సు లేని చదువు ఎట్లుండునో మన విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. ఆయన పాఠములకంటె పద్యములకును, నాటకములకును ఎక్కువ కాలము వెచ్చించెను. రెండు వైద్యపరీక్షలలో ఒకటి 1879లో తీఱెను గాని, రెండవదానిలో తప్పెను. తండ్రిపై భారము వేయుట యిష్టములేక, అట్లాంటిక్ సముద్రముమీద ప్రయాణించు ఓడలో వైద్యుడుగా కుదిరి తన పొట్టను తానే పోసికొనెను. పిమ్మట మఱల చదివి 1881లో ఆ పరీక్షయందును ఉత్తీర్ణుడై, ఆ సంవత్సరమే మద్రాసు సైనిక వైద్యోద్యోగమునకు వచ్చెను. ఒక పరీక్ష తప్పినంతమాత్రమున జీవితము తప్పిపోదనుటకు ఇది చాలిన నిదర్శనము.

మొదటి యేండ్లలో మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను ద్వీపములు మున్నగుచోట్ల ఆయన పనిచేసెను. పని స్వల్పము, తీరిక హెచ్చు. ఆ తీరికను నవలలు వ్రాయుటకును, ఉన్నత గణితమును తనంతట తానే నేర్చుకొనుటకును వినియోగించెను. 1883లో బెంగుళూరునందుండగా ఒక చిన్న సంగతి జరిగెను. ఆయన బసలో దోమల బాధ మిక్కుటముగా నుండెను. కిటికీ వెలుపల నిలువనీరున్న తొట్టిలోనికి వంగి చూడగా, దోమ పిల్లపురుగులు వేలకొలది మెలికలు తిరుగుచుండెను. తొట్టిని బోర్లించి నీరు పారబోయగా, కొలదిదినములలోనే దోమలు తగ్గెను. ఇది చూచుటకు అత్యల్పమైన పని. కాని దోమను గాలిలో తఱుముటకంటె నీటిలో నశింపజేయుట సులభమను సత్యము అప్పుడే ఆయన మనస్సున నాటుకొనెను. దోమ నిలువనీటిలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి పిల్లపురుగు, దానినుండి గూటిపురుగు, దానినుండి రెక్కల దోమ పుట్టుటకు మన వేడిదేశములో ఇంచుమించు ఏడు మొదలు పది దినములు పట్టును. వారమున కొకమాఱు నీటిని పారబోసి పాత్రను తుడిచి ఆరవేయవలెనని ఆరోగ్యశాఖవారు చెప్పుటకు కారణమిదియే.

1888లో సెలవుపై ఇంగ్లాండునకు పోయి ఆయన ప్రజారోగ్యశాస్త్రమునందు పట్టము పొంది, సూక్ష్మజీవిశాస్త్రము నభ్యసించెను. 1889లో రోజా బెస్సీ బ్లాక్సమ్ అను ఆమెను వివాహమాడి మఱల ఈ దేశమునకు వచ్చెను. అప్పటినుండి చలిజ్వరమునుగూర్చిన చింత ఆయనను విడువలేదు. అంతకుముందే 1880లో అల్జీరియాలో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు చలిజ్వర రోగుల రక్తములో ఒక జీవాణువును చూచియుండెను. రాస్ పలుమాఱులు వెదకియు దానిని కానలేక, అట్టిది లేదనియే వాదించెను. 1894లో ఆయన లండనునకు పోయినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు తన సూక్ష్మదర్శినిలో ఆ జీవాణువును కన్నులార చూపెను. వెంటనే రాస్ తన వాదమును విడిచి మాన్సనునకు శిష్యుడయ్యెను.

ఈ మాన్సన్ చీనాదేశమున పనిచేయుచు, బోదకాలు కలిగించు పురుగులు దోమ శరీరములో పెరుగునని 1877 ప్రాంతమున కనుగొనిన ప్రసిద్ధుడు. చలిజ్వరపు జీవాణువును గూడ దోమయే రోగినుండి పీల్చుకొనునని ఆయన ఊహించెను. కాని దోమ గ్రుడ్లు పెట్టి నీటిలో పడి చచ్చుననియు, ఆ నీటిని త్రాగినవారికి జ్వరము వచ్చుననియు ఆయన తలంచెను. ఊహలో సగము సత్యము, సగము పొరపాటు. ఏ సగము సత్యమో తేల్చుటయే రాస్ తలకెత్తుకొనిన పని.

1895లో ఆయన మన సికిందరాబాదు దండులోని 19వ మద్రాసు పదాతి పటాలమునకు వైద్యుడుగా వచ్చెను. లష్కరు అని మన పెద్దలు పిలుచు ఈ నగరమునందు ఆయన దోమలను పెంచి, జ్వరరోగులను కుట్టించి, ఆ దోమలను కోసి చూచుట ప్రారంభించెను. మాన్సను ఊహను పరీక్షించుటకు, దోమలు చచ్చిన నీటిని కొందఱు మనుష్యులచేత త్రాగించెను గూడ. సమ్మతించిన మనుష్యులకైనను హాని కలుగగల అట్టి పరీక్షలు నేడు ధర్మసమితుల అనుమతి లేనిదే జరుగరాదు. నాడు అట్టి నియమములు లేకుండెను. ఆ నీరు త్రాగుటవలన చలిజ్వరము వచ్చునని ఋజువు కాలేదు. ఆయన కోసిచూచిన దోమలు మన యిండ్లలో సామాన్యముగా కనబడు బూడిదరంగు దోమలును, చారల దోమలును. వానిలో వందలకొలది వెదకినను ఏమియు కానరాలేదు. తప్పు వెదకుటలో లేదు, దోమజాతిలో నున్నది. కాని ఆ సంగతి అప్పటికి ఎవ్వరికిని తెలియదు.

ఆ సంవత్సరమే పై అధికారులు ఆయనను కలరా నివారణకై బెంగుళూరునకు పంపిరి. 1897లో సెలవు దొరకగా నీలగిరుల దిగువ జ్వరపీడితమైన సిగూరు కనుమకు పోయి వెదకుచుండగా ఆయనకే చలిజ్వరము పట్టుకొనెను. క్వినైను సేవించి కోలుకొని, జూన్ నెలలో మఱల సికిందరాబాదు చేరి, బేగంపేటలోని చిన్న సైనిక వైద్యశాలలో పని సాగించెను.

ఆ వేసవి మిక్కిలి కఠినముగా నుండెను. పంకా వేసిన కోసిన దోమలు ఎగిరిపోవును. కనుక పంకా లేకయే గంటలకొలది కూర్చుండి పనిచేయవలసివచ్చెను. నుదుటినుండియు చేతులనుండియు కారు చెమటచేత సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. దాని కంటియద్దము పగిలెను. ఆగస్టు మధ్యమున ఆయన పరిచారకుడొకడు ఒక సీసాలో పిల్లపురుగులను తెచ్చెను. అవి దోమలుగా మారగా, రెక్కలపై మచ్చలుగల గోధుమవన్నె దోమలయ్యెను. అవియే అనాఫిలిస్ జాతి దోమలు. ఆగస్టు 16వ తేదీన వానిని దోమతెఱలోపల హుసేన్ ఖాన్ అను చలిజ్వర రోగిచేత కుట్టించుకొనజేసెను. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి కూలి. కొన్ని దోమలు తామే చచ్చెను. కొన్నిటిని మొదటి దినములలో కోసి చూచెను గాని ఫలము లేదు. మిగిలినవి అతి స్వల్పము.

ఆగస్టు 20వ తేదీన మిగిలిన దోమలలో ఒకదానిని కోసెను. అలసటతో దాని జీర్ణకోశపు గోడను మూలమూలలు వెదకుచుండగా గుండ్రని కణమొకటి కనబడెను. అట్టివి మఱికొన్ని కనబడెను. ప్రతిదానిలోను నల్లని రేణువులుండెను. ఆ నలుపే వానిని పట్టియిచ్చెను. ఏలయన, చలిజ్వరపు జీవాణువు మన ఎఱ్ఱకణములోని రక్తవర్ణ ద్రవ్యమును తిని, జీర్ణము కానిదానిని నల్లని రేణువులుగా మిగుల్చును. రోగి రక్తములో చూచిన ఆ రేణువులే దోమ కడుపుగోడలోను కనబడుటచేత ఇవి ఆ జీవాణువు రూపాంతరములే యని ఆయన గ్రహించెను. మఱునాడు చివరి దోమను కోసి చూడగా ఆ కణములు మునుపటికంటె పెద్దవై యుండెను. చచ్చిన వస్తువు పెరుగదు. కనుక అవి దోమలో జీవించి పెరుగుచున్నవని స్థిరపడెను. ఈ సంగతి ఆ డిసెంబరులో ఇంగ్లాండునందలి బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్యపత్రికలో ప్రకటింపబడెను. నేటికిని ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినముగా జరుపుచున్నారు.

ఇంక కొలది మాసములు తీరిక దొరికియుండిన ఆయన మనుష్య చలిజ్వరపు కథ నంతయు ఇచ్చటనే ముగించియుండెడివాడేమో. కాని వెంటనే ఆయనను చలిజ్వరము అరుదుగానుండు రాజపుత్రస్థానములోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. ఎట్టకేలకు 1898లో కలకత్తాలో పరిశోధనకు అవకాశము కలిగెను. అప్పుడు మహామారి టీకాల భయముచేత అచ్చటి జనులు సూదిని చూచిన పరుగెత్తుచుండిరి. మనుష్యులు దొరకనందున ఆయన పిచ్చుకలు మున్నగు పక్షులకు వచ్చు చలిజ్వరమును ఆధారముగా గొనెను. మహమ్మద్ బక్స్ అను సహాయకుని తోడ్పాటుతో, దోమ కడుపుగోడమీది కణములు పగిలి, వానిలోనుండి దారములవంటి బీజములు వెలువడి, దోమ లాలాజల గ్రంథులలో చేరునని 1898 జూలైలో కనుగొనెను. దోమ కుట్టునప్పుడు తన ఉమ్మితోపాటు ఆ బీజములను ఆరోగ్యవంతుని రక్తములోనికి విడుచును. నీటిని త్రాగుటవలన గాదు, దోమకాటువలననే జ్వరమని తేలెను. ఆ సంవత్సరాంతమున ఇటలీలో గ్రాస్సీ, బిగ్నామి, బాస్టియనెల్లి యను వారు మనుష్య చలిజ్వరము విషయములోను ఇట్లే జరుగునని, అనాఫిలిస్ దోమయే వాహకమని నిరూపించిరి.

ఈ జీవాణువు సంచారము నంతటిని సంగ్రహముగా చెప్పెదము. దోమకాటుతో ప్రవేశించిన బీజములు మొదట కాలేయమును చేరి అచ్చట గుప్తముగా వృద్ధిచెందును. సామాన్యముగా ఒకటి రెండు వారములైన పిమ్మట అవి రక్తములోని ఎఱ్ఱకణములలో దూరి, పెరిగి, కణములను పగులగొట్టి వెలువడును. మన దేశమున హెచ్చుగా నుండు వైవాక్స్ జాతిలో ఇట్లు కణములు పగులుట 48 గంటల కొకమాఱు జరుగును. అందుచేతనే చలి, వణకు, పిమ్మట మండు జ్వరము, పిమ్మట చెమట, ఇట్లు దినము విడిచి దినము వచ్చును. కణములు నశించుటచేత రక్తహీనత కలుగును. ఫాల్సిపారం అను జాతి మఱింత క్రూరమైనది. అది సోకిన ఎఱ్ఱకణములు మెదడు మున్నగు అంగముల సన్నని నాళములలో అడ్డుపడి ప్రాణాపాయము తెచ్చును. జ్వరముతో మతి తప్పుట, మూర్ఛలు, ఆయాసము, పచ్చకామెరలు, మూత్రము నల్లబడుట, ఏమి త్రాగినను వాంతియగుట కనబడిన క్షణమైన ఆలస్యము చేయక వైద్యశాలకు పోవలెను.

ఇక పరీక్షలను గూర్చి. గాజుపలకమీద రక్తమును రెండు విధములుగా పూయుదురు. దళసరి పూతలో ఎక్కువ రక్తము చూడ వీలగుటచేత జీవాణువులు కొలదిగా నున్నను దొరకును. పలుచని పూతలో కణములు విడివిడిగా కనబడుటచేత జీవాణువు ఏ జాతిదో నిర్ణయింపవచ్చును. జర్మనుదేశపు గుస్తావ్ గీమ్సా 1904లో ప్రకటించిన రంగును ఈ పూతలకు నేటికిని వాడుచున్నారు. ఇదిగాక, జీవాణువు విడుచు మాంసకృత్తును పట్టి గీతగా చూపు త్వరిత పరీక్ష పట్టీలు కలవు. అవి పదిహేను, ఇరువది నిమిషములలో ఫలము తెలుపును. ఒకమాఱు జీవాణువు కానరానంత మాత్రమున చలిజ్వరము లేదని నిశ్చయింపరాదు. అనుమానము తీఱనిచో వైద్యుడు మఱునాడు మరల రక్తము తీయును. అది వ్యర్థమని తలంపకుడు. రాస్ అంతటివాడు సంవత్సరములు వెదకి కానరాక, లేదని వాదించి, పిదప కనుగొనెను గదా.

అన్ని జ్వరములు ఒక్కటి గావు. పగటివేళ కుట్టు ఏడిస్ దోమవలన డెంగీ వచ్చును. దానికి మొదటి అయిదు దినములలో ఎన్.ఎస్.1 పరీక్షయు, తరువాత ఐ.జి.ఎమ్. పరీక్షయు చేయుదురు. రక్తములోని ప్లేట్లెట్లు తగ్గుట డెంగీలోను చలిజ్వరములోను గూడ జరుగును గనుక, ఆ సంఖ్యను మాత్రమే చూచి రోగమును నిర్ణయింపరాదు. సన్నిపాతజ్వరమని మన పెద్దలు చెప్పు టైఫాయిడును కనుగొనుటకు రక్తమును సూక్ష్మజీవులు మొలచు ద్రవములో పెంచి చూచుట ఉత్తమము. విడాల్ పరీక్ష జ్వరము వచ్చిన మొదటి దినములలో తఱచుగా తప్పు చెప్పును. కనుక పొరుగింటివారి బాలునికి వాడగా మిగిలిన మాత్రలను మన బాలునికి ఇచ్చుట ప్రమాదకరము.

చికిత్స విషయములో ఒక్కమాట. వైవాక్స్ చలిజ్వరమునకు మన దేశములో క్లోరోక్విన్ మూడు దినములును, పిమ్మట ప్రైమాక్విన్ పదునాలుగు దినములును ఇచ్చుట వాడుక. జ్వరము రెండు మూడు దినములలోనే విడిచినను ఆ పదునాలుగు దినముల మందు ఏల? వైవాక్స్ బీజములలో కొన్ని కాలేయములో నిద్రించుచు నెలలు గడచిన పిమ్మట మేల్కొని జ్వరమును మరల తెచ్చును. ప్రైమాక్విన్ వానిని చంపును. జ్వరము విడిచెనుగదా యని నడుమ మానివేయువారికే అది తిరిగి వచ్చుట తఱచు. అయితే ఈ మందు గర్భిణులకును, పసికందులకును, రక్తములో జి.6.పి.డి. అను పదార్థము లోపించినవారికిని హానికరము గనుక వైద్యుని ఆజ్ఞ లేనిదే పుచ్చుకొనరాదు. ఫాల్సిపారమునకు ఆర్టిమిసినిన్ కలిసిన మందుల నిత్తురు. దానిని ఒక మొక్కనుండి కనుగొనిన చీనా వనిత తూ యూయూ 2015లో నోబెల్ బహుమానము పొందెను.

1899లో రాస్ ఇండియాలోని ఉద్యోగమును విడిచి, లివర్పూలునందు అప్పుడే స్థాపింపబడిన ఉష్ణదేశ వైద్యవిద్యాలయమున అధ్యాపకుడయ్యెను. పశ్చిమ ఆఫ్రికాలోని సియరా లియోనునకును, సూయజు కాలువమీది ఇస్మాయిలియాకును పోయి, నీటిగుంటలను పూడ్పించి దోమలను తగ్గించు విధములను బోధించెను. బాల్యమున తాను ప్రేమించిన గణితమును ఈ పనికి ఉపయోగించి, ప్రతి దోమను చంపనక్కరలేదనియు, దోమల సంఖ్య ఒక మితముకంటె తగ్గినచో చలిజ్వరము తనంతట తానే అంతరించుననియు లెక్కగట్టి చూపెను. 1902లో ఆయనకు వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. భారతదేశమున పుట్టినవారిలో ఆ బహుమానము నందిన మొదటివాడు ఆయనయే. 1911లో సర్ బిరుదము వచ్చెను.

మహాపురుషుల జీవితములలో మెచ్చుకొనదగినవే గాక విడువదగినవియు నుండును. రాస్ ముక్కోపి. ఈ పరిశోధనలో ఎవరిది మొదటి గౌరవమను విషయమున గ్రాస్సీతో దీర్ఘకాలము కలహించెను. తన గురువగు మాన్సనుతో గూడ చివరకు వైరము తెచ్చుకొనెను. తన శ్రమకు తగిన ధనము ప్రభుత్వమువారు ఇయ్యలేదని వృద్ధాప్యమువఱకు నొచ్చుకొని, తుదకు తన వ్రాతప్రతులను విక్రయింపవలసివచ్చెను. 1926లో లండను సమీపమున ఆయన పేర ఒక సంస్థ స్థాపింపబడెను. 1932వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన ఆయన కాలధర్మము నందెను. కీర్తి వచ్చినను మనశ్శాంతి రాకపోవచ్చునని ఆయన జీవితము చూపుచున్నది. అయినను ఆ కలహములు ఆయనతోనే గతించినవి. ఆయన చేసిన మేలు నిలిచినది.

మఱియొక సంగతిని మేము ముఖ్యముగా చెప్పదలచితిమి. ఈ కథలో రాస్ ఒక్కడే లేడు. జ్వరముతో వణకుచు దోమలచేత కుట్టించుకొనిన హుసేన్ ఖాన్ ఉన్నాడు. సీసాలో పురుగులను తెచ్చిన పరిచారకుడున్నాడు. కలకత్తాలో పగలనక రాత్రియనక శ్రమించిన మహమ్మద్ బక్స్ ఉన్నాడు. బహుమానము ఒక్కనికి వచ్చినను పని పలువురిది. అణాలు పుచ్చుకొనిన ఆ బీదరోగి రక్తము లేనిదే ఆ శాస్త్రము లేదు. లోకోపకార కార్యములలో పేరులేనివారి పాలు ఎంతయో మన బాలబాలికలు గుర్తింపవలెను.

1947 నాటికి మన దేశమున ఏటేట 7 కోట్ల 50 లక్షలమందికి చలిజ్వరము వచ్చుచుండెననియు, 8 లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో ప్రారంభమైన జాతీయ చలిజ్వర నివారణ కార్యక్రమమువలనను, తదుపరి యత్నములవలనను అది మిక్కిలి తగ్గెను. అయినను శత్రువు నశింపలేదు. ప్రపంచారోగ్య సంస్థవారి లెక్క ప్రకారము 2023లో లోకమందు 26 కోట్ల 30 లక్షల జ్వరములును, 5 లక్షల 97 వేల మరణములును సంభవించెను. చనిపోయినవారిలో పెక్కుమంది ఆఫ్రికా ఖండమునందలి అయిదేండ్లలోపు శిశువులు. 2021లో ఒకటియు, 2023లో మఱియొకటియు టీకాలను ఆ సంస్థ ఆమోదించినది. రెండవదానిని మన పూనాలోనే తయారు చేయుచున్నారు.

పట్టణములలో చలిజ్వరమును వ్యాపింపజేయు అనాఫిలిస్ స్టీఫెన్సీ యను దోమ మురికి కాలువలలో గాక మంచినీటిలో పెరుగును. మేడమీది మూతలేని నీటితొట్లు, బావులు, ఇండ్లు కట్టుచోట నిలిచిన నీరు దానికి నివాసములు. విద్యార్థులు తామే దానిని గుర్తింపవచ్చును. అనాఫిలిస్ పిల్లపురుగు నీటిపైభాగమునకు సమానముగా పరుండియుండును. సామాన్య దోమల పిల్లపురుగు తలక్రిందుగా వ్రేలాడును. గోడపై వ్రాలినప్పుడు అనాఫిలిస్ తోకభాగము పైకెత్తి వాలుగా కూర్చుండును. అది చీకటిపడిన పిమ్మట కుట్టును గనుక దోమతెఱలోపల నిద్రించుట మేలు.

కావున తల్లిదండ్రులారా, నీటితొట్లకు బిగుతైన మూతలు పెట్టింపుడు. జ్వరము వచ్చిన దినమే రక్తము పరీక్షింపించుడు. మందు పూర్తియగువఱకు మానకుడు. విద్యార్థులారా, వారమున కొకదినము మీ యింటి చుట్టును తిరిగి, పూలకుండీల క్రింది పళ్లెములను, పాత చక్రములను, పగిలిన కుండలను, చల్లనిగాలి యంత్రముల తొట్లను వెదకి, నిలిచిన నీటిని పారబోయుడు. ఇందుకు ధనము అక్కరలేదు, పాండిత్యము అక్కరలేదు. బెంగుళూరులో ఒక యువవైద్యుడు బోర్లించిన తొట్టివలెనే మీరు బోర్లించు ప్రతి కుండయు ఒక పసిబిడ్డను జ్వరమునుండి కాపాడవచ్చును. బేగంపేటకు పోవు భాగ్యము కలిగినప్పుడు, పాత విమానాశ్రయమునకు చేరువనున్న ఆ చిన్న భవనమును ఒకమాఱు దర్శించి రండు.